షుగరు ఉన్నవారికి డి విటమిన్: పాటించకూడని సలహాలు

ఇంట్లో ఒకరికి షుగరు ఉందని తెలిస్తే చాలు, సలహాలు వాటంతటవే గుమ్మంలోకి వస్తాయి. కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు, నేరేడు గింజల పొడి. కొన్నేళ్లుగా ఈ వరుసలో డి విటమిన్ కూడా చేరింది. పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్న చుట్టం చెబుతాడు, పార్కులో కలిసి నడిచేవాళ్లు చెబుతారు, మందుల షాపులో కుర్రాడూ చెబుతాడు.

మన దేశంలో షుగరు ఉన్నవారు 10.1 కోట్లు, షుగరు అంచున ఉన్నవారు 13.6 కోట్లు అని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే అంచనా. డి విటమిన్ లోపమూ మన దగ్గర తక్కువేమీ కాదు. కాబట్టి రెండూ ఒకే మనిషిలో కనిపించడం మామూలే. కనిపించగానే ఒకదానికి ఇంకోటి కారణమని ముడిపెట్టేస్తున్నాం. ఆ ముడి పట్టుకుని పుట్టిన సలహాల్లో కొన్ని వట్టి దండగ, కొన్ని మూత్రపిండాల మీదికి తెచ్చేవి. ఎక్కువగా వినిపించేవాటిని, చెప్పేవాళ్ల మాటల్లోనే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకు వినకూడదో, బదులుగా ఏం చేయాలో కూడా చెబుతాను.

“డి తగ్గబట్టే నీకు షుగరొచ్చింది బాబాయ్. అది పెంచుకో, షుగరు దానంతటదే దిగుతుంది”

ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. డి విటమిన్ లేకుండా పెంచిన ఎలుకల్లో క్లోమం ఇన్సులిన్‌ను సరిగా విడుదల చేయడం లేదని 1980లోనే ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో డి విటమిన్‌ను అందుకునే గ్రాహకాలు ఉన్నాయనీ తేలింది. ఆ తర్వాత జనాభా సర్వేలు వచ్చాయి. అమెరికాలో షుగరు ఉన్న 6,329 మంది వివరాలను ఏళ్ల తరబడి గమనించి, 2021లో ‘డయాబెటిస్ కేర్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. రక్తంలో డి ఎక్కువగా ఉన్నవారిలో మొత్తం మరణాలూ, గుండె జబ్బు మరణాలూ తక్కువగా ఉన్నాయన్నది దాని సారాంశం. ఇది చదివినవారికి డి వేసుకుంటే ఆయుష్షు పెరుగుతుందని అనిపించడం సహజం.

కానీ డి ఎవరిలో తక్కువగా ఉంటుందో ఒక్కసారి చూడండి. ఒళ్లు పెరిగినవారిలో తక్కువ, ఎందుకంటే ఈ విటమిన్ కొవ్వులోకి చేరి పలుచబడిపోతుంది. మోకాళ్ల నొప్పులతో గడప దాటనివారిలో తక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో తక్కువ. ఏళ్ల తరబడి మంచానికీ కుర్చీకీ అంటిపెట్టుకున్నవారిలో తక్కువ. ఇవన్నీ షుగరు ముదిరిన మనిషిలో ఉండే లక్షణాలే. అంటే చాలాసార్లు డి తగ్గడం జబ్బుకు కారణం కాదు, జబ్బు బాగా పాకిందనడానికి గుర్తు. గుర్తును సరిచేసినంత మాత్రాన జబ్బు తగ్గదు.

తేల్చుకోవడానికి ఒకే దారి ఉంది. కొందరికి డి విటమిన్, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా ఏళ్ల పాటు చూడాలి. అదీ చేశారు. అమెరికాలో ‘డి టు డి’ పేరుతో షుగరు అంచున ఉన్న 2,423 మందిలో సగం మందికి రోజుకు 4,000 యూనిట్ల డి3 ఇచ్చారు. 2019లో ఫలితం వచ్చింది. డి వేసుకున్నవారిలో 293 మందికి, ఉత్తి మాత్ర వేసుకున్నవారిలో 323 మందికి షుగరు వచ్చింది. ఆ తేడా నమ్మదగ్గంత పెద్దది కాదు. ‘వైటల్’ అనే మరో ప్రయోగంలో 25,871 మంది చేరారు. రోజుకు 2,000 యూనిట్ల చొప్పున ఐదేళ్లకు పైగా ఇచ్చినా గుండెపోట్లు, పక్షవాతాలు, క్యాన్సర్లు తగ్గలేదు. అందులోనే టైప్ 2 షుగరు ఉన్న 1,312 మంది మూత్రపిండాలను విడిగా ఐదేళ్లు గమనించారు. డి వేసుకున్నవారిలోనూ వేసుకోనివారిలోనూ వాటి పనితీరు ఒకేలా తగ్గింది.

రెండో వైపూ చెప్పాలి. షుగరు అంచున ఉన్నవారి మీద జరిగిన మూడు ప్రయోగాలను కలిపి లెక్కవేసినప్పుడు, డి వేసుకున్నవారిలో షుగరు వచ్చే అవకాశం సుమారు 15 శాతం తగ్గినట్టు 2023లో తేలింది. అందుకే అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2024 మార్గదర్శకాల్లో ఆ దశలో ఉన్నవారు, నడకా తిండీ మార్చుకోవడంతో పాటు డి వేసుకోవచ్చని రాసింది. అయితే అది అంచున ఉన్నవారి సంగతి. షుగరు వచ్చేసిన మనిషి డి వేసుకుని మెట్‌ఫార్మిన్ మానేయవచ్చని ఏ ప్రయోగమూ చెప్పలేదు. ఇంకో మాట. ఈ ప్రయోగాల్లో చేరినవారిలో ఎక్కువమందికి డి మొదటి నుంచే చాలినంత ఉంది. నిజంగా బాగా తగ్గిపోయినవారికి, అంటే రక్తంలో మిల్లీలీటరుకు 12 నానోగ్రాములకు దిగువన ఉండి ఎముకల నొప్పి, తొడల్లో నీరసం ఉన్నవారికి, ఆ లోటు పూడ్చాల్సిందే. ఎముకల కోసం, కండరాల కోసం పూడ్చాలి. మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ దిగుతుందని ఎదురుచూడకూడదు.

“పొద్దున్నే లేత ఎండలో అరగంట నిలబడండి అత్తయ్యా, డి అంతా వచ్చేస్తుంది”

లేత ఎండ హాయిగా ఉంటుంది, అందులో డి మాత్రం దాదాపు ఉండదు. చర్మంలో ఈ విటమిన్ తయారు కావాలంటే సూర్యకాంతిలోని యూవీ-బీ కిరణాలు తగలాలి. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు గాలి పొరల్లోంచి చాలా దూరం రావాలి, దారిలోనే వడకట్టుకుపోతాయి. మీ నీడ మీకంటే పొడవుగా ఉంటే ఆ ఎండతో పెద్ద ప్రయోజనం లేదని గుర్తుపెట్టుకోండి. తిరుపతి స్విమ్స్ వైద్యులు ఇదే విషయాన్ని మన ఎండలో గంటగంటకూ కొలిచి చూశారు. పగలు పదకొండు నుంచి రెండు మధ్యలోనే డి బాగా తయారవుతుందని తేలింది. కిటికీ అద్దం వెనక, కారులో కూర్చుంటే ఆ కిరణాలు లోపలికే రావు. మన చామనచాయ చర్మానికి తెల్లవారి చర్మం కంటే ఎక్కువసేపు కావాలి. పైగా చీర కొంగు, పొడుగు చేతుల చొక్కా ఎంత కప్పితే అంత తగ్గుతుంది.

అదే వైద్యులు చిత్తూరు ప్రాంతంలో పల్లెవాసుల్ని, పట్నవాసుల్ని పరీక్షించారు. పొలాల్లో పనిచేసేవారికి పట్నంవారికంటే డి మెరుగ్గా ఉంది, అయినా వారిలోనూ చాలామందికి చాలినంత లేదు. తిండిలో క్యాల్షియం తక్కువ, ధాన్యాల్లో ఉండే ఫైటేట్ ఎక్కువ కావడం ఒక కారణమని వారు గుర్తించారు. కాబట్టి ఎండ ఒక్కటే అన్నీ తీర్చేస్తుందనే భరోసా కూడా వద్దు.

ఇది చదివి నడి ఎండలో డాబా ఎక్కబోయేవారు ఒక్క నిమిషం ఆగండి. షుగరు ఏళ్లుగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ మందగిస్తుంది. కాలుతున్న సిమెంటు మీద, గుడి ప్రదక్షిణలో వేడెక్కిన బండల మీద చెప్పుల్లేకుండా నిలబడితే అరికాలు బొబ్బలెక్కుతున్నా తెలియదు. సాయంత్రం సాక్సు తీసేటప్పుడు కనిపిస్తుంది. ఆ పుండు మానకపోతే వేలు పోవచ్చు, పాదం పోవచ్చు. ఎండలో నిలబడినా, నీడలో నిలబడినా షుగరు ఉన్నవారికి చెప్పులు తీసే హక్కు లేదని నేను గట్టిగా చెబుతాను. గుడిలో చెప్పులు కుదరవు కాబట్టి బండలు చల్లారిన వేళకు వెళ్లండి. ఇన్సులిన్ తీసుకునేవారికి వేడిలో అది త్వరగా ఒంట్లో కలిసి షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో కోస్తాలోనూ, తెలంగాణలోనూ మధ్యాహ్నం ఎండలోకి వెళ్లమని ఎవరికీ చెప్పను. ఆ కాలంలో డి అవసరమైతే మందుగా తీసుకోవడమే క్షేమం.

పొద్దుటి నడక మాత్రం మానకండి. అది డి కోసం కాదు, షుగరు కోసం, గుండె కోసం.

“అరవై వేలది వారానికొకటి వేసుకో అన్నా. ఎక్కువైనా ఏం కాదు, విటమినే కదా”

నన్ను అన్నిటికంటే భయపెట్టే సలహా ఇది. బీ, సీ విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. డి అలా పోదు. కొవ్వులో దాక్కుని, మానేసిన తర్వాత కూడా వారాలూ నెలలూ రక్తంలోకి వస్తూనే ఉంటుంది.

లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థతో కలిసి ఐసీఎంఆర్ 2020లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవారికి రోజుకు 600 యూనిట్లు చాలు. సొంతంగా 4,000 దాటకూడదు. వారానికి 60,000 అంటే రోజుకు 8,500 పైనే. లోటు ఉన్నవారికి డాక్టర్లు ఇది రాసేది ఎనిమిది వారాలకే, ఆ తర్వాత నెలకొకటికి దించుతారు. చీటీలో ఆ ‘ఎనిమిది వారాలు’ అన్న మాట చాలామంది చూడరు. మందుల షాపులో పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి కొంటూనే ఉంటారు. ఇంకా ఘోరం, వారానికొకటి అన్నది రోజుకొకటిగా అర్థమవడం. మిగతా మాత్రలన్నీ రోజూ వేసుకునేవే కదా, ఈ పొడి పొట్లం కూడా అలాగే అనుకుని పాలలో కలుపుకుని రోజూ తాగినవారు ఆసుపత్రుల పాలైన ఉదంతాలు మన దేశ వైద్య పత్రికల్లో ఎన్నో ఉన్నాయి. ఇంట్లో పెద్దవారికి ఈ మందు రాస్తే, క్యాలెండర్‌లో ఏ వారమో గుండ్రం చుట్టి, మిగతా గుళికలు మీ దగ్గరే పెట్టుకోండి.

అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకొచ్చినప్పుడు తెచ్చే పెద్ద సీసాల సంగతీ చెప్పాలి. అక్కడ 5,000, 10,000 యూనిట్ల గుళికలు చీటీ లేకుండానే దొరుకుతాయి. సీసా మీద మైక్రోగ్రాముల్లో రాసి ఉంటే అంకె చిన్నదిగా కనిపించి మోసపోతాం. ఒక మైక్రోగ్రాము అంటే 40 యూనిట్లు. 125 మైక్రోగ్రాములు అంటే 5,000 యూనిట్లు. కూతురు పంపిన ఆ గుళిక రోజూ, ఇక్కడి డాక్టర్ రాసిన 60,000 వారానికోసారి కలిస్తే వారానికి 95,000. పైగా పిల్లలు తెచ్చిన సీసాను మందుగా లెక్కపెట్టం కాబట్టి డాక్టర్‌కు చెప్పం. చెప్పాలి. సీసానే పట్టుకెళ్లి చూపించాలి.

డి మితిమీరితే రక్తంలో క్యాల్షియం పెరిగిపోతుంది. అప్పుడు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం, మలబద్ధకం, వాంతులు, పెద్దవారిలో మాట తడబాటు, మతిమరుపు. ఈ వరుసలో మొదటి రెండూ ఏ జబ్బు లక్షణాలో షుగరు ఉన్న ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడే ప్రమాదం. దాహం వేస్తోందంటే షుగరు పెరిగిందనుకుంటారు, అన్నం తగ్గిస్తారు, మాత్ర ఇంకో సగం వేస్తారు. డి మాత్రం మానరు, అది ఆరోగ్యానికి కదా. ఈలోగా ఒంట్లో నీరు తగ్గి, క్యాల్షియం మూత్రపిండాల్లో పేరుకుని, క్రియాటినిన్ ఎగబాకుతుంది. షుగరు వల్ల అప్పటికే అలసిన మూత్రపిండాలకు అది పెద్ద దెబ్బ. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిపోవడమంటే ఇదే. గ్లూకోమీటర్‌లో అంకె మామూలుగానే ఉన్నా దాహం, మూత్రం తగ్గకపోతే, డి వాడుతున్న సంగతి చెప్పి రక్తంలో క్యాల్షియం పరీక్ష చేయించమని అడగండి. ఖరీదైన పరీక్షేమీ కాదు.

బీపీకి వాడే మాత్రల్లో చాలాసార్లు హైడ్రోక్లోరోథయజైడ్ గానీ, క్లోర్‌థాలిడోన్ గానీ కలిసి ఉంటుంది. ఈ మందులు క్యాల్షియాన్ని మూత్రంలో పోనివ్వవు. వీటితో పాటు డి, క్యాల్షియం ఎక్కువ మోతాదులో వాడితే క్యాల్షియం ఇంకా తొందరగా పెరుగుతుంది. షుగరు, బీపీ రెండూ ఉన్నవారు తమ బీపీ మాత్ర అట్ట మీద ఈ పేర్లున్నాయేమో చూసుకోవాలి.

“రోజూ ఎందుకు, ఒక్క పెద్ద సూది వేయించుకుంటే ఏడాదంతా సరిపోతుంది” అనేది దీనికి తమ్ముడు లాంటి మాట. ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన 2,256 మంది స్త్రీల మీద దీన్ని పరీక్షించారు. సగం మందికి ఏడాదికోసారి ఐదు లక్షల యూనిట్లు ఇచ్చారు, అదీ నోటి ద్వారానే. 2010లో ఫలితం చూస్తే, డి తీసుకున్నవారు పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయి. ఒకేసారి కుమ్మరించడం శరీరానికి పడలేదు. వేసుకోవాల్సి వస్తే రోజుకు కొద్దికొద్దిగా, నూనె, నెయ్యి, పెరుగు ఉన్న భోజనం తర్వాత. ఇది కొవ్వులో కరిగే విటమిన్, ఖాళీ కడుపున సరిగా ఒంటబట్టదు.

“క్యాల్షియం మాత్రలో డి ఉందిగా, ఇంకేం కావాలి?”

ఏ డి ఉందో చూడాలి. చర్మంలో గానీ, మందులో గానీ వచ్చిన డి3 మొదట కాలేయంలో ఒక రూపం, తర్వాత మూత్రపిండాల్లో తుది రూపం తీసుకుంటుంది. ఆ తుది రూపమే కాల్సిట్రయాల్. మన దగ్గర క్యాల్షియం గుళికల్లో చాలావాటిలో 0.25 మైక్రోగ్రాముల కాల్సిట్రయాల్ కలిపి అమ్ముతున్నారు. శరీరం తన అవసరం చూసుకుని తయారుచేసుకునే ఈ పదార్థాన్ని నేరుగా లోపలికి పంపితే, క్యాల్షియం హద్దు దాటే అవకాశం ఎక్కువ. పరీక్షలో చూసే డి స్థాయి కూడా దీనితో పెరగదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిని ఆ చివరి మార్పు చేసుకోలేనివారికి డాక్టర్ లెక్క ప్రకారం ఇచ్చే మందు ఇది. ఎముకల బలానికని రోజుకొకటి కొనుక్కుని వేసుకునేది కాదు.

“కాళ్లు తిమ్మిర్లంటే డి తక్కువే”

షుగరు ఉన్నవారికి పాదాల్లో తిమ్మిర్లు, మంటలు, సూదులు గుచ్చినట్టుండటం మొదలైతే ముందు అనుమానించాల్సింది షుగరు వల్ల నరాలు దెబ్బతినడం. రెండోది బీ12 లోపం. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారికి బీ12 తగ్గుతుంది. మాంసం, గుడ్డు, పాలు తక్కువగా తినేవారికి మరీ. అది వదిలేసి డి గుళికలతో ఆరు నెలలు గడిపితే, పూడ్చుకోగలిగిన నరాల నష్టం పూడ్చుకోలేనిదవుతుంది. మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు అప్పుడప్పుడూ బీ12 చూపించుకోవడం డి చూపించుకోవడం కంటే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ఎముకల గురించి ఒక సంగతి. టైప్ 2 షుగరు ఉన్నవారికి ఎముకల సాంద్రత పరీక్షలో అంకెలు బాగానే, ఒక్కోసారి మామూలు కంటే మెరుగ్గానే వస్తాయి. అయినా తుంటి విరిగే ప్రమాదం వారికి ఎక్కువ. ఎముక నాణ్యత తగ్గడం, చూపు మందగించడం, పాదాల్లో పట్టు లేకపోవడం, షుగరు పడిపోయి తూలడం, అన్నీ కలుస్తాయి. పయోగ్లిటజోన్ వాడే స్త్రీలలో ఇది ఇంకాస్త ఎక్కువ. రాత్రి బాత్రూమ్‌కు వెళ్లే దారిలో లైటు, గోడకు పట్టుకునే కడ్డీ, ఒక కాలి మీద నిలబడే సాధన, ఇవి ఎముకలకు డి కంటే తక్కువ మేలు చేయవు.

“రాగి జావ తాగమ్మా, డి కూడా వస్తుంది”

రాగుల్లో క్యాల్షియం బాగా ఉంది. డి లేదు. జావ పలుచగా, మెత్తగా ఉడికిన పిండి కాబట్టి షుగరును గబగబా పెంచుతుంది. రాగులు తినాలనుకుంటే రొట్టె చేసుకుని కూరతో తినండి. డి కావాలంటే సముద్రపు చేపలు, గుడ్డు పచ్చసొన, ఇంకా ‘+ఎఫ్’ గుర్తు ఉన్న పాలూ నూనె. 2018 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆ గుర్తున్న పాలలో, వంటనూనెలో ఏ, డి విటమిన్లు కలుపుతారు.

“ఏటా ప్యాకేజీలో డి పరీక్ష చేయించుకుంటే అన్నీ తెలిసిపోతాయి”

ల్యాబుల ప్యాకేజీల్లో డి ఉంటుంది. మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష చాలావాటిలో ఉండదు. కంటి రెటీనా పరీక్ష ఉండదు. పాదం స్పర్శ పరీక్ష ఉండదు. షుగరు ఉన్న మనిషి పదేళ్ల తర్వాత ఎలా ఉంటాడో చెప్పేవి ఇవే.

షుగరు మనిషి ఆయుష్షును దేనితో పెంచవచ్చో సందేహం లేని చోటు ఉంది. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వచ్చిన యూకేపీడీఎస్ ప్రయోగంలో, షుగరును గట్టిగా అదుపు చేసినవారిలో కళ్లు, మూత్రపిండాల వంటి చిన్న రక్తనాళాల సమస్యలు నాలుగో వంతు తగ్గాయి. బీపీని గట్టిగా దించినవారిలో పక్షవాతాలు 44 శాతం తగ్గాయి. డెన్మార్క్‌లో ‘స్టెనో-2’ అనే ప్రయోగంలో 160 మందే ఉన్నారు. వారిలో కొందరికి షుగరు, బీపీ, కొలెస్టరాల్ మూడింటినీ కలిపి, తిండీ నడకా మార్పులతో సహా సుమారు ఎనిమిదేళ్లు పట్టుగా చూశారు. ఇరవయ్యొక్క ఏళ్ల తర్వాత లెక్కవేస్తే, అలా చూసుకున్నవారు మిగతావారికంటే దాదాపు ఎనిమిదేళ్లు ఎక్కువ బతికారు. డి విటమిన్ ప్రయోగం ఏదీ దీని దరిదాపుల్లోకి రాలేదు. నెలసరి ఖర్చులో స్టాటిన్ మాత్ర మానేసి డి గుళిక కొనేవారి ఇళ్లు ఉన్నాయి. అది చూస్తే గుండె తరుక్కుపోతుంది.

డి పరీక్ష అసలు అవసరం లేదని కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు, ఒళ్లంతా ఎముకల నొప్పులున్నవారు, మంచం పట్టినవారు, మూర్ఛ మందులో స్టిరాయిడ్లో ఏళ్లుగా వాడేవారు, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారు, పేగుల్లో ఆహారం ఒంటబట్టనివారు చేయించుకోవాలి. లోటు తేలి మందు మొదలుపెడితే, మళ్లీ పరీక్ష మూడు నెలలకు. అంతకు ముందు చేయించినా అంకె స్థిరపడదు. ఆ రోజు అదే రక్తంలో క్యాల్షియం, క్రియాటినిన్ కూడా చూడమని చీటీలో రాయించుకోండి.